ఎతరాజు గారికి

కురుమయ్య గడ్డి మంట మీద డప్పును తిప్పి తిప్పి కాస్తున్నాడు. రాత్రి కురిసిన వానకు తోలు మెత్తబడింది. ఒక దెబ్బ వేసి చూశాడు. తడిగోడకు పిడక కొట్టినట్టు చప్పుడొచ్చింది. ఇంకో పిడికెడు గడ్డి మంటలో వేసి, పొగకు కళ్లు మూసుకుని, మళ్లీ తిప్పసాగాడు.

మనిషి పొడుగరి. ఎన్నో ఏళ్లుగా డప్పు తాడు లాగడంతో ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి దిగింది. ఆ ఊరి ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లందరి లాగే పళ్లు గోధుమరంగు తిరిగాయి, మెడ పట్టేసింది. పక్కన ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరుగుతాడు. దాంతో ఎవరితో మాట్లాడినా ఎంతో మర్యాదగా ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది. నిజానికి మర్యాద కూడా ఆయనకు బాగానే ఉంది.

సర్కారు కాగితాల్లో ఆయన గ్రామ సేవకుడు. ఊళ్లో మాత్రం మస్కూరి. తండ్రీ మస్కూరే. ఓటర్ల జాబితా వచ్చినా, పోలియో చుక్కలు వేసినా, భూములు కొలిచినా, ఎవరిదైనా బర్రె తప్పిపోయినా ఆ సంగతి ఎర్రగుట్టపల్లికి కురుమయ్య నోటి మీదుగానే చేరాలి. సెల్‌ఫోన్లు వచ్చాక కుర్రకారు నవ్వారు గానీ, డప్పు వినపడితే ఫోను చెవి మీద నుంచి తీసి వినేదీ వాళ్లే.

తెలంగాణ వచ్చి రెండేళ్లు దాటింది. కొత్త జిల్లాలు, కొత్త మండలాలు చేస్తున్నారు. ఆ చిత్తుపటంలో ఎర్రగుట్టపల్లి ఉన్న మండలం నుంచి ఊడి, వాగు అవతలి కొత్త మండలంలో పడింది. పటం మీద చూస్తే అదే దగ్గర. పటం మీద వాగు సన్నని నీలిగీత. పాత మండలానికైతే కట్ట దాటి రోడ్డెక్కితే మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే బస్సుంది. కొత్త మండలానికి బస్సు లేదు, రోడ్డు లేదు. వానకాలం వాగు దాటలేకపోతే గుట్ట చుట్టి పోవాలి. దీని మీద ప్రజలు ఏమైనా చెప్పుకోదలిస్తే రాతపూర్వకంగా చెప్పుకోవచ్చని గడువు పెట్టారు. ఆ గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి అయిపోతుంది.

ప్రకటన వచ్చిన రోజున పంచాయతీ కార్యదర్శి దాన్ని చదివి వినిపించాడు. 'అభ్యంతరములు, సూచనలు లిఖితపూర్వకముగా సమర్పించవచ్చును.' కురుమయ్య ఆ మొదటి మాటను ఇంటికెళ్లి అనుకుని చూశాడు. భ్యం దగ్గర నాలుక తట్టుకుంది. డప్పు మీద అసలే కూర్చోలేదు. తండ్రి కాలంలో దానికి వేరే మాట ఉండేది. ఎతరాజు. నైజాము నాటి ఉర్దూ మాట. వద్దనుకునేవాడు వద్దని చెప్పడం. ఎ-త-రా-జు. నాలుగు దెబ్బలకు నాలుగు అక్షరాలు అతికినట్టు సరిపోయేవి. తండ్రి ఆ మాట అనేటప్పుడు డప్పును కొంచెం పైకెత్తేవాడు. కురుమయ్యకు ఆ ముచ్చట ఇప్పటికీ తీరలేదు. కార్యదర్శి మాటను పక్కన పెట్టి తండ్రి మాటనే ఊరంతా కొట్టి వచ్చాడు.

ఈ పూట కూడా అదే. డప్పు ఖంగుమన్నాక లేచి, వాడకొక చోట నిలబడి కేక వేశాడు. "ఇనుండ్రి, ఎర్రగుట్టపల్లి జనమంత ఇనుండ్రి. ఇయ్యాల ఆఖరి దినం. ఊరిని వాగవతల కలుపుతున్నరు. ఎతరాజుకు కాయితం రాసియ్యాలె. రాసినోళ్లు పంచాయతికాడ సంచిల ఎయ్యాలె."

ఆ సంచి ఆయనదే. యూరియా బస్తా కోసి భార్య జంగమ్మ కుట్టిపెట్టింది. ఊరి నుంచి మండలానికి ఏ కాగితం పోయినా అందులోనే పోతుంది. చేన్లకు పోయేవాళ్లు దారిలో కాగితం పడేసి పోయేందుకు వీలుగా పంచాయతీ గోడ మేకుకు దాన్ని తగిలించేవాడు. మూడు వారాలు అడుగున ఒకటీ రెండూ తప్ప పడలేదు. నిన్నా మొన్నా మాత్రం సంచి పొట్ట ఉబ్బింది. అదంతా స్వరూప చలవ.

స్వరూపది హుజూర్‌నగర్ దిక్కు, కాలువ నీళ్ల దేశం. ఎల్లస్వామికి కోడలై నిరుడే ఈ మెరక మీదికి వచ్చింది. ఇంటరు దాకా చదివింది, మిషన్ కుడుతుంది, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఊళ్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి "ఎతరాజుకు కాయితం రాయాల్నంట బిడ్డా" అని ఆమె ముందు చతికిలబడ్డారు. ఆమె మిషన్ ఆపి, ఒక్కొక్కరూ చెప్పింది చెప్పినట్టు రాసి, వేలిముద్రలు వేయించింది. ఎవరిది వారికే రాసింది. అందరికీ కలిపి ఒకటే రాస్తే పోయేదానికి ఇంత కష్టమెందుకు అని మామ అంటే, ఎవరి బాధ వాళ్లు చెప్తుంటే కలిపి ఎట్లా రాస్తానని అడిగింది.

కురుమయ్య సంచి దించుకుంటుంటే ఆమె గుమ్మంలోంచి ఆఖరి కాగితాలు తెచ్చి ఇచ్చింది. జర సేపు నిలబడి, "ఆ సారు మంచోడేనా మామా?" అని అడిగింది.

మండలాఫీసులో కాగితాలు తీసుకునే రామచంద్రం సంగతి అడుగుతోందనుకున్నాడు కురుమయ్య. "మంచోడే బిడ్డా. జర చాదస్తం. రాసింది మాత్రం సదువుతడు" అన్నాడు.

అది విని ఆ పిల్ల ముఖం తేటపడింది.

జంగమ్మ సద్ది తిని పొమ్మంది. తిన్నాడు. కట్ట మీద నడుస్తూ ఒక తుమ్మ చెట్టు కింద కూర్చున్నాడు. మళ్లీ కొంచెం దూరం పోయి తూము రాయి మీద కూర్చున్నాడు. ఈ మధ్య ఛాతీలో ఏదో బిగబట్టినట్టవుతోంది. కాసేపు కూర్చుంటే వదులుతుంది. వదిలేదాన్ని గురించి ఒకరికి చెప్పడమేమిటని ఆయన ఉద్దేశం. రెండు వైపులా పత్తి చేన్లు మోకాళ్లు దాటి, రాత్రి వానకు కడిగినట్టు ఉన్నాయి. ఊరు సగం అందులోనే ఉంది, కలుపు తీస్తూ.

ఆఫీసులో జనం బాగా ఉన్నారు. రామచంద్రం ముందు కాగితాల కట్టలు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, కళ్లద్దాలకు తాడు. కురుమయ్య సంచిని చంకలో పెట్టుకుని వరస వచ్చేదాకా నిలబడి, కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. రామచంద్రం పైది చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. రెండోది తీశాడు. అడుగు నుంచి ఇంకొకటి లాగాడు.

"కురుమయ్యా, ఈ ఎతరాజు గారెవరు?"

"ఎవరేంది సారు. ఎతరాజంటే వద్దని చెప్పుడే గద."

రామచంద్రం కాగితం తిప్పి చూపించాడు. కూడబలుక్కుని చదివే చదువు కురుమయ్యకు ఉంది. పైన గుండ్రని అక్షరాల్లో 'శ్రీయుత ఎతరాజు గారికి' అని ఉంది. కింద 'అయ్యా' అని ఉంది. ప్రతి కాగితం మీదా అలాగే ఉంది. హుజూర్‌నగర్ దిక్కున ఆ మాట లేదని, ఎతరాజుకు రాయమంటే ఆ పిల్ల ఎవరో పెద్ద ఆఫీసరనుకుందని ఆయనకు మెల్లగా అర్థమైంది.

పక్క బల్లల వాళ్లు వంగి చూశారు. ఎతరాజు గారు సెలవులో ఉన్నాడన్నారొకరు. బదిలీ అయిందన్నారు ఇంకొకరు. ఆఫీసంతా నవ్వింది. సార్లు నవ్వితే తానూ నవ్వడం కురుమయ్యకు అలవాటు. నవ్వాడు. రామచంద్రం నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

ఇవి తీసుకోవడం కుదరదన్నాడు రామచంద్రం. లేని మనిషి పేరున వచ్చిన కాగితాన్ని ఎవరికని పంపాలి? పంపినా, పక్కన పడేయడానికి పైవాళ్లకు ఇంతకంటే మంచి సాకు దొరకదు. కలెక్టరు గారి పేర తిరగరాయించుకుని ఐదింటిలోపు తెస్తే తీసుకుంటానన్నాడు. ఆ మాట అంటూనే గోడ గడియారం వైపు చూశాడు. ఊరి బస్సు మళ్లీ సాయంత్రానికే. ఊరేమో చేన్లలో ఉంది. రాసే చెయ్యి ఒక్కటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కురుమయ్య కాగితాలను సంచిలో పెట్టుకోలేదు. అక్కడే వదిలేసి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్లది తప్పు కాదు. కార్యదర్శి చెప్పిన మాటను చెప్పినట్టు కొట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. డప్పు మీద బాగుందని, నాయిన మాటని ముచ్చటపడ్డాడు. రేపు ఊరు వాగు అవతల పడితే, అందుకు తన నోరే కారణం. నోరు తప్ప వేరే ఏమీ లేని మనిషికి అంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది.

ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటాడు. ఎతరాజున్నోళ్లు చెప్పుకోవాలె. చాటింపు చివర తోకలా ఆ మాట వచ్చేది. ఎవరూ చెప్పుకునేది లేదు, ఎవరూ వినేది లేదు. ఒకసారి రోడ్డు కోసం కొలతలు తీసినప్పుడు కురుమయ్య చెలకలో మంచి ముక్క రోడ్డు కిందికి పోయింది. సర్కారు ఇచ్చిన మెట్ట చెలక అది, చింతచెట్టు నీడ ఉన్న ముక్క. ఆ చాటింపు కూడా ఆయనే వేశాడు. ఎతరాజున్నోళ్లు చెప్పుకోవాలె అని తన చెలక గట్టు మీద నిలబడి కేకేసి, నాలుగు దెబ్బలు కొట్టి, ఇంటికొచ్చాడు. ఆయనకు ఎతరాజు ఉంది. కానీ డప్పు పట్టుకున్నవాడు డప్పు కొట్టాలి గానీ, దానికి జవాబు చెప్పడమేమిటి? ఆ చెట్టు కొట్టేస్తున్న రోజు జంగమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు.

మధ్యాహ్నం రామచంద్రం టిఫిన్ డబ్బా విప్పుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఆ కాగితాలు తిరగేస్తున్నాడు. కొంతసేపటికి తినడం ఆపేశాడు. కురుమయ్యను లోపలికి పిలిచి, ఎదురుగా స్టూలు చూపించాడు. ఇన్ని రోజులుగా కాగితాలు కట్టలు కట్టలుగా వస్తున్నాయట. అన్నీ జిరాక్సులే. పేరు మారుతుంది, సంతకం మారుతుంది, లోపల విషయం మారదు. చదివి చదివి కళ్లు మండిపోతున్నాయట. ఇవి అట్లా లేవు అన్నాడు.

ఎల్లస్వామిది చదివి వినిపించాడు. 'ఎతరాజు సారూ, మీరు మా వాగును చూసి ఉండరు. నేను రోజూ బర్లను అవతలికి తోలుకపోత. బర్లకు ఈతొస్తది. మాకు రాదు.'

యాదలక్ష్మిది చదివాడు. 'మీ ఇంట్ల ఆడోళ్లుంటే ఒక్కసారి మా ఊరికి తోలియ్యుండ్రి. నెలలు నిండినదాన్ని ట్రాక్టరు మీద గుట్ట చుట్టు దవాఖానకు ఎట్ల తీస్కపోవాల్నో వాళ్లను అడగాలె. మిమ్ముల అడిగితే మీకు సమజ్ గాదు.'

లేని మనిషిని ఉన్నాడనుకుని రాశారు కాబట్టి, మనిషితో మాట్లాడినట్టు రాశారు. రామచంద్రం ఇంకొకటి తీసి, వేలిముద్ర ఎవరిదో చూసుకోకుండా చదవడం మొదలుపెట్టాడు. 'మా ఇంటాయన మస్కూరి. ఊరికి ఏం జెప్పాల్నన్న ఆయననే జెప్తడు. ఆయనకేం గావాల్నో ఎన్నడు జెప్పలే. మేం గూడ అడగలే. కొత్త మండలానికి బస్సు లేదు. కాయితాలు పట్టుకోని రోజు నడువాలె. ఇప్పుడే కట్ట మీద రెండు జాగల కూసుంటుండు. నేను జెప్పిన్నని ఆయనకు జెప్పకుండ్రి సారూ.'

చదవడం అయ్యాక గానీ ఎవరి ముందు చదివాడో రామచంద్రానికి తట్టలేదు. కాగితాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. కురుమయ్య తల తిప్పలేడు కాబట్టి, స్టూలు మీదే మొత్తం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి తానే అందరికీ చెప్పేవాడిననుకున్నాడు. తన గురించి ఒకరు చెప్పగా వినడం ఇదే మొదటిసారి.

ఒక దారి ఉందన్నాడు రామచంద్రం. వీటన్నిటి మీద ఒక కాగితం పెట్టాలి. ఇవి ఫలానా మనిషి ద్వారా వచ్చినవి, కలెక్టరు గారి పేర రాసినట్టే భావించాలి అని. కానీ దాని కింద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

"నేను పెడ్త" అన్నాడు కురుమయ్య.

"నువ్వు సర్కారు మనిషివి. సర్కారు చేసేదానికి సర్కారు మనిషే ఎదురు తెచ్చిండని పైన ఎవరన్న పట్టుకుంటే, రేపు మిమ్ముల పర్మినెంట్ చేసే రోజు నీ పేరు ఉండకపోవచ్చు. మంచిగ ఆలోచించుకో."

పర్మినెంట్ అన్న మాట కోసం మస్కూరులంతా ఎన్ని ధర్నాలు చేశారో, ఎన్నాళ్లు ఎదురుచూశారో రామచంద్రానికి తెలుసు. కురుమయ్య లేచి, అలవాటు ప్రకారం మనిషంతా తిరిగి, ఎదురుగా నిలబడ్డాడు.

"ఎతరాజని ఒక మనిషి గావాలె. గంతే గద సారు. నన్ను రాసుకోండ్రి. నా మాట ఇని రాసిండ్రు, నా సంచిల ఏసిండ్రు. నేనే ఎతరాజును."

పక్క బల్లల వాళ్లు ఈసారి నవ్వలేదు. రామచంద్రం తెల్లకాగితం తీసి, మారుపేరుకు ముందు ఉరఫ్ అని పెట్టే పాత దస్తావేజుల పద్ధతిలో రాశాడు. 'ఎర్రగుట్టపల్లి మస్కూరి కురుమయ్య ఉరఫ్ ఎతరాజు ద్వారా దాఖలైన అభ్యంతరములు.' కురుమయ్య కలం పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటూ సంతకం చేశాడు. కలం తిరిగి ఇవ్వబోయి ఆగాడు.

"నాది గూడ ఒకటి రాయుండ్రి సారు."

"ఏమని?"

కురుమయ్య ఆలోచించాడు. చింతచెట్టు ఎక్కడో గుర్తొచ్చింది. "నాకు గూడ ఎతరాజున్నది, శాన ఏండ్ల సంది ఉన్నది అని రాయుండ్రి."

అది ఈ కాగితంలో నిలవదని చెప్పి, రామచంద్రం వాగు గురించి రెండు వాక్యాలు రాశాడు. ఆ తరువాత కురుమయ్య చూస్తుండగానే, చివర ఆయన చెప్పిన మాటను కూడా చేర్చాడు. అన్నిటి మీదా స్టాంపు వేశాడు. గడియారంలో ఇంకా ఐదు కాలేదు.

బస్సు దిగి కట్ట మీద నడిచేటప్పుడు కురుమయ్య తూము రాయి దగ్గర కూర్చున్నాడు, తుమ్మ దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నప్పుడల్లా జంగమ్మ ఎక్కడి నుంచో చూస్తున్నట్టనిపించి నవ్వుకున్నాడు. పంచాయతీ మేకుకు ఖాళీ సంచి తగిలించాడు. స్వరూప మిషన్ ఆపి ఎదురొచ్చింది. ఆ సారు తీసుకున్నాడా అని అడిగింది.

"తీసుకున్నడు. అన్ని సదివించుకుని ఇన్నడు బిడ్డా. నీ దస్తూరి మంచిగున్నదన్నరు."

ఇంటి ముందు జంగమ్మ బిందె పట్టుకుని నల్లా కాడికి పోబోతోంది. ఏమైందని అడిగింది. కాగితాలు ముట్టాయని, ఊరికి చాటాలని అన్నాడు. ఇంకా ఏదో అనాలనిపించింది. చెప్పకుండ్రి అని రాయించింది కదా, చెప్పినట్టు తెలియనియ్యకూడదని ఊరుకున్నాడు. "జర జల్ది రా" అన్నాడు. ఆయన అట్లా ఎన్నడూ అనడు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి చూసింది.

కురుమయ్య గడ్డి తెచ్చి, మంట చేసి, డప్పును కాయసాగాడు.

జంగమ్మ బిందెతో తిరిగొచ్చేసరికి మంట ఆరిపోయి పొగ వస్తోంది. ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. డప్పు ఒళ్లో ఉంది, చెయ్యి దాని మీద ఉంది. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె బిందె దించి, చెయ్యి తీసి పక్కన పెట్టబోయింది. చెయ్యి చల్లగా ఉంది. తోలు ఇంకా వెచ్చగా ఉంది.

ఆ ఊళ్లో చావు కబురైనా పెళ్లి కబురైనా ఆయనే చాటాలి. ఆయన కబురు చాటడానికి ఎవరూ లేకపోయారు. అయినా దీపాలు పెట్టేవేళకు చేన్లలో ఉన్నవాళ్లంతా ఆ వాకిట్లోనే ఉన్నారు.

దసరాకు కొత్త మండలాల జాబితా వచ్చింది. ఎర్రగుట్టపల్లి పాత మండలంలోనే ఉంది. నాయకులు తమ వల్లేనన్నారు. వాగు వల్లే అన్నారు ఊరివాళ్లు. ఆ తరువాత ఎప్పుడో పై ఆఫీసు నుంచి మెమో ఒకటి వచ్చింది. ప్రభుత్వ సేవలో ఉంటూ ప్రభుత్వ ప్రతిపాదనకు వ్యతిరేకంగా అభ్యంతరం ఎందుకు దాఖలు చేశాడో కురుమయ్య ఉరఫ్ ఎతరాజు సంజాయిషీ ఇవ్వాలని. పంచాయతీ కార్యదర్శి దాన్ని జంగమ్మకు చదివి వినిపించాడు. స్వరూప పక్కనే ఉంది. ఎతరాజు ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జంగమ్మ ముందు నవ్వింది. నవ్వుతూనే చాలాసేపు ఏడ్చింది.

ఏమని జవాబు రాయమంటావని అడిగాడు కార్యదర్శి.

"ఉన్నదున్నట్టు రాయి బిడ్డా" అంది జంగమ్మ. "ఎతరాజు పోయిండని రాయి."

ఇప్పుడు చాటింపులు ఫోన్లలో వస్తున్నాయి. మస్కూరుల కొలువులే తీసేసి, ఉన్నవాళ్లను వేరే ఆఫీసులకు పంపించారు. పంచాయతీ గోడకు రెండుసార్లు సున్నం వేశారు. వేసినప్పుడల్లా యూరియా సంచిని తీసి, మళ్లీ అదే మేకుకు తగిలించారు. అది అక్కడే వేలాడుతోంది, మడతపెట్టిన కొత్త కాగితం మూల ఒకటి బయటికి కనబడుతూ. దాని మీద గుండ్రని అక్షరాల్లో 'శ్రీయుత ఎతరాజు గారికి' అని ఉంది.